11 అడుగుల 10 అంగుళాల గదికి ఎన్ని టైల్స్ కావాలి?

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి 11.1 కొట్టండి. ఆ తర్వాత 11.10 కొట్టండి. దాని దృష్టిలో రెండూ ఒకటే. గదిలో మాత్రం 11 అడుగుల 1 అంగుళానికీ, 11 అడుగుల 10 అంగుళాలకీ మధ్య ముప్పావు అడుగు తేడా ఉంది. బెంగళూరులో కొత్త ఫ్లాట్ తీసుకున్నవాళ్లు, పాత ఇంటి ఫ్లోరింగ్ మార్పించుకునేవాళ్లు టైల్స్ షాపుకు పట్టుకెళ్లే చీటీలో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే. ప్లాన్‌లో 11 అడుగుల 10 అంగుళాలని సరిగ్గానే ఉంటుంది. చీటీ మీదకు వచ్చేసరికి అది 11.10 అవుతుంది, క్యాలిక్యులేటర్‌లోకి వెళ్లేసరికి 11.1 అవుతుంది. ముప్పావు అడుగు వెడల్పున గది ఒక పక్క నుంచి మాయమైపోతుంది.

చదువు తక్కువై చేసే తప్పు కాదిది. రోజంతా ఎక్సెల్ షీట్లతో గడిపేవాళ్లే ఎక్కువగా చేస్తారు. చుక్క పెట్టడం చేతికి అలవాటైపోయింది కదా. మన తాతల కాలంలో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయి నూరు పైసలైంది. అంతకు ముందు ఏడాదే తూనికలు, కొలతలను మెట్రిక్‌లోకి మార్చే చట్టం కూడా వచ్చింది. బియ్యం, పాలు, బట్టలు అన్నీ మారాయి. ఇంటి దగ్గర మాత్రం అడుగూ అంగుళం కదల్లేదు. బెంగళూరులో ఇప్పటికీ సైటంటే థర్టీ ఫార్టీ, ఫ్లాటంటే ఇన్ని ఎస్‌ఎఫ్‌టీ. డబ్బు నూరులో లెక్క, ఇల్లు పన్నెండులో లెక్క. ఈ రెండూ కలిసే చోటే చిక్కు.

కాబట్టి అంగుళాలను చుక్క తర్వాతి అంకెగా కాకుండా, పన్నెండింట వంతుగా చూడాలి. 6 అంగుళాలు అర, 3 పావు, 9 ముప్పావు. ఇవి అందరికీ నోటికి వచ్చినవే. 4 అంగుళాలు మూడో వంతు, 8 అంటే మూడింట రెండు వంతులు. 2 ఆరో వంతు, 10 అంటే ఆరింట ఐదు. మిగిలిన 1, 5, 7, 11 మాత్రం ఇంకా చిన్న భిన్నాలుగా కుదరవు, వాటిని పన్నెండో వంతులుగానే ఉంచాలి. చుక్క పెడితే తప్పు ఎటు పోతుందో కూడా చూడండి. 1 నుంచి 9 అంగుళాల దాకా గది ఉన్నదానికన్నా కాస్త పెద్దదవుతుంది. 9 అంగుళాలను 0.9 అని రాస్తే అసలు ఉన్న 0.75 కన్నా 0.15 అడుగు ఎక్కువ. 10, 11 దగ్గరకు రాగానే లెక్క తిరగబడి గది ఒక్కసారిగా చిన్నదైపోతుంది. ఎక్కువ రాస్తే రెండు టైల్స్ మిగులుతాయి, అంతే. తక్కువ రాస్తే పని మధ్యలో ఆగిపోతుంది.

ఇక గుణకారం. ఒక బెడ్‌రూమ్ 10 అడుగుల 9 అంగుళాలు, 11 అడుగుల 10 అంగుళాలు అనుకుందాం. అంటే 10¾ ఇంటూ 11⅚. ఇక్కడ చాలామంది పూర్ణాంకాలను పూర్ణాంకాలతో, భిన్నాన్ని భిన్నంతో గుణించి కలిపేస్తారు. దీని వల్ల ఎంత పోతుందో తేలిక అంకెలతో చూస్తే తెలుస్తుంది. 10½ ఇంటూ 11½ ఎంత? పది పదకొండ్లు 110, అర ఇంటూ అర పావు, మొత్తం 110¼ అంటే తప్పు. గదిని నేల మీద గీసి చూడండి. 10 ఇంటూ 11 పెద్ద ముక్క ఒకటి. దాని పక్కన అర అడుగు వెడల్పుతో పొడుగాటి పట్టీ ఒకటి, దాని నెత్తిన ఇంకో పట్టీ, ఆ రెండూ కలిసే మూలలో చిన్న చదరం. పెద్ద ముక్క 110, పట్టీలు 5, 5½, మూల పావు. మొత్తం 120¾. పట్టీలు రెండూ మర్చిపోతే పోయేది 10½ చదరపు అడుగులు. టూ బై టూ, అంటే రెండడుగుల చదరం అని అమ్మే టైల్స్‌లో దాదాపు మూడు.

మన బెడ్‌రూమ్‌కు ఇదే పద్ధతి పెడదాం. 10 ఇంటూ 11 అంటే 110. 10 అడుగుల పొడవున 10 అంగుళాల పట్టీ: అడుగు పొడవు, అంగుళం వెడల్పు ఉన్న ముక్క చదరపు అడుగులో పన్నెండో వంతు కాబట్టి ఇది 100/12. 11 అడుగుల పొడవున 9 అంగుళాల పట్టీ 99/12. రెండూ కలిపితే 199/12, అంటే 16, పైన 7/12. మూలలో 9 అంగుళాలు ఇంటూ 10 అంగుళాలు, 90 చదరపు అంగుళాలు. చదరపు అడుగుకు 144 చదరపు అంగుళాలు కాబట్టి అది 90/144, అంటే ⅝. అన్నీ కలిపితే 127 చదరపు అడుగులు, పైన 5/24. చుక్కలు పెట్టి 10.9 ఇంటూ 11.10 కొట్టినవాళ్లకు వచ్చేది 121కి ఒక పిసరు తక్కువ. ఒకే గదిలో 6 చదరపు అడుగుల పైచిలుకు తేడా.

ఇంత చెయ్యాలా అంటే అక్కర్లేదు. మిశ్రమ భిన్నాన్ని మామూలు భిన్నంగా మారిస్తే రెండు లైన్లలో అయిపోతుంది: 43/4 ఇంటూ 71/6, అంటే 3053/24. క్యాలిక్యులేటరే కావాలంటే ఇంకా తేలిక, మొత్తం అంగుళాల్లోకి మార్చండి. 129 ఇంటూ 142, దాన్ని 144తో భాగిస్తే 127.2. భాగహారం చిట్టచివర ఒక్కసారే చేస్తున్నాం కాబట్టి మధ్యలో సున్నాలు ఎగిరిపోయే ప్రమాదం లేదు. నా ఓటు దీనికే. కానీ పట్టీల బొమ్మ మనసులో ఉంటేనే, వచ్చిన జవాబు సరైనదో కాదో చూడగానే తెలుస్తుంది.

ఏ కొలత నమ్మాలి

లెక్క ఎంత బాగా చేసినా కొలతే తప్పయితే లాభం లేదు. బిల్డర్ ఇచ్చిన ప్లాన్‌లో గది కొలతలు సాధారణంగా ప్లాస్టరింగ్‌కు ముందు గోడకూ గోడకూ మధ్య ఉన్న దూరం. గోడకు అర అంగుళం ప్లాస్టర్ అనుకున్నా, రెండు వైపులా కలిపి అంగుళం పోతుంది. 11 అడుగుల 10 అంగుళాల గది చేతికి వచ్చేసరికి 11 అడుగుల 9 అంగుళాలు కావచ్చు. కాబట్టి ప్లాన్‌లోని అంకెను బడ్జెట్ వేసుకోవడానికి వాడండి, కొనడానికి టేపు పట్టుకోండి.

కార్పెట్ ఏరియా చూసి టైల్స్ లెక్కేసేవాళ్లూ ఉన్నారు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో ఫ్లాట్ లోపలి అడ్డుగోడల కింద పోయే స్థలం కూడా కలుస్తుంది. బయటి గోడలు, డక్టులు, మన వాడకానికే ఉన్న బాల్కనీ, ఓపెన్ టెర్రస్ కలవవు. టైల్స్ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. గోడ కింద టైల్ వెయ్యం, బాల్కనీలో వేస్తాం. అగ్రిమెంట్‌లో ఉన్న అంకె ఇల్లు కొనడానికి ఎంత పనికొచ్చినా టైల్స్ కొనడానికి పనికిరాదు. సూపర్ బిల్టప్ ఏరియా గురించి చెప్పనే అక్కర్లేదు, అందులో లిఫ్టు, మెట్లు, లాబీలో మన వంతు కూడా ఉంటాయి.

ఇంకో సంగతి. గదులు చూడ్డానికి నలుపలకలుగానే ఉంటాయి గానీ మూలలు తిన్నగా ఉండవు. ఒకే గోడ పక్కన కిటికీ దగ్గర కొలిస్తే ఒక అంకె, తలుపు దగ్గర కొలిస్తే ఇంకో అంకె వస్తుంది. రెండు చివర్లా, మధ్యలోనూ కొలవండి. మేస్త్రి కూలి లెక్కకు సగటు తీసుకోవచ్చు. టైల్స్ లెక్కకు మాత్రం పెద్ద అంకె తీసుకోవాలి, ఎందుకంటే చాలని టైల్‌ను సాగదియ్యలేం. మూల తిన్నగా ఉందో లేదో చూడటానికి మూలమట్టం లేకపోయినా ఫరవాలేదు: ఒక గోడ మీద 3 అడుగులు, పక్క గోడ మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి.

హాలు, డైనింగ్ కలిసి ఎల్ ఆకారంలో ఉంటే రెండు దీర్ఘచతురస్రాలుగా విడగొట్టాలి. ఎక్కడ విడగొట్టినా మొత్తం ఒకటే వస్తుంది. రెండూ కలిసే చోటును రెండుసార్లు కలపకుండా చూసుకుంటే చాలు.

టూ బై టూ అంటే రెండడుగులు కాదు

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. షాపులో, మేస్త్రి నోట, మన చీటీలో అంతటా టూ బై టూ. డబ్బా మీద చూడండి, 600 ఇంటూ 600 మిల్లీమీటర్లు అని ఉంటుంది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులు 609.6 మిల్లీమీటర్లు. టైల్ 600 మాత్రమే. టేపు పెట్టి చూస్తే 23⅝ అంగుళాలు. మేస్త్రుల లెక్కలో అంగుళానికి 8 నూళ్లు, కాబట్టి 23 అంగుళాల 5 నూళ్లు. ఉత్తరాది నుంచి వచ్చిన పనివాళ్లయితే దాన్నే సూత్ అంటారు. ఏ పేరుతో పిలిచినా, ప్రతి టైల్ రెండడుగులకు 3 నూళ్లు తక్కువ. ఆరు టైల్స్ వరుసగా పేరిస్తే 12 అడుగులు రావాలి కదా? వచ్చేది 11 అడుగుల 9¾ అంగుళాలు.

అదే తేడా విస్తీర్ణంలోకి వస్తే ఇంకా పెరుగుతుంది. టూ బై టూ టైల్ 4 చదరపు అడుగులు కాదు, 3⅞. డబ్బాకు నాలుగు టైల్స్ ఉంటాయి కాబట్టి 16 కాదు, 15½. టూ బై ఫోర్ అని అమ్మే 600 ఇంటూ 1200 టైల్స్ సాధారణంగా డబ్బాకు రెండే వస్తాయి, వాటికీ అదే 15½. డబ్బా మీద 1.44 చదరపు మీటర్లు అని రాసి ఉంటుంది, గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో వచ్చే సరుకంతా మీటర్లలోనే తయారవుతుంది. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు, గుణించి చూసుకోండి. ధర విషయంలోనూ ఇది పట్టించుకోవాలి. ఉదాహరణకు చదరపు అడుగు 60 రూపాయలు అన్నారనుకోండి. 15½ లెక్కన డబ్బా 930 రూపాయలు, 16 లెక్కన వేస్తే 960. డబ్బాకు 30 రూపాయలు ఊరికే పోతాయి. బిల్లు వేసేటప్పుడు డబ్బాకు ఎన్ని ఎస్‌ఎఫ్‌టీ పట్టారో చూడండి.

ఇప్పుడు మన బెడ్‌రూమ్‌లో టైల్స్ పేరుద్దాం. టైల్‌కూ టైల్‌కూ మధ్య 2 మిల్లీమీటర్ల స్పేసర్, అంటే సందు వదలడానికి పెట్టే ముక్క. 11 అడుగుల 10 అంగుళాల వైపు, అంటే దాదాపు 3607 మిల్లీమీటర్లు. ఆరు టైల్స్, మధ్యలో ఐదు సందులు కలిపితే 3610. "ఒక నూలు జాస్తి వస్తాంది సార్" అంటాడు అనంతపురం మేస్త్రి, టేపు తియ్యకుండానే. నిజంగానే 3 మిల్లీమీటర్లు, ఒక నూలు. ఆ నూలు కోసం, గోడ దగ్గర వదలాల్సిన కాస్త ఖాళీ కోసం చివరి వరుస టైల్స్ అన్నిటికీ అంచు కోస్తారు. ఆ కోత పైన స్కర్టింగ్, అంటే గోడ అడుగున అంటించే టైల్ పట్టీ, కూర్చుంటుంది కాబట్టి కనిపించదు. టైల్ నిజంగా రెండడుగులే ఉంటే చివరి వరుసలో రెండు అంగుళాలు కోసి పారెయ్యాల్సి వచ్చేది.

10 అడుగుల 9 అంగుళాల వైపు 3277 మిల్లీమీటర్లు. ఐదు టైల్స్ సందులతో సహా 3010. మిగిలింది 267, టైల్‌లో దాదాపు 4/9 వంతు. అర కన్నా తక్కువ. ఇది మంచి వార్త, ఎందుకంటే ఒక టైల్‌ను కోస్తే ఇలాంటివి రెండు ముక్కలు వస్తాయి, బ్లేడు తినే రెండు మిల్లీమీటర్లు పోయినా కూడా. ఆరు ముక్కలకు మూడు టైల్స్ చాలు. నిండు టైల్స్ 30, కోతకు 3, మొత్తం 33. విస్తీర్ణాన్ని 3⅞తో భాగించినా 32.8, అంటే 33 వస్తుంది. ఈ గదిలో రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. 4తో భాగించినవాళ్లకు మాత్రం 32 వస్తుంది, ఒకటి తక్కువ.

హాల్లో ఆ అదృష్టం ఉండదు. 17 అడుగుల 6 అంగుళాలు, 11 అడుగుల 3 అంగుళాలు. 35/2 ఇంటూ 45/4, అంటే 196⅞ చదరపు అడుగులు. 4తో భాగిస్తే 50 టైల్స్, 3⅞తో భాగిస్తే 51. నేల మీద పేర్చి చూడండి. పొడవు 5334 మిల్లీమీటర్లు: ఎనిమిది నిండు టైల్స్, 518 ముక్క ఒకటి. వెడల్పు 3429: ఐదు నిండు టైల్స్, 419 ముక్క ఒకటి. 518 అయినా 419 అయినా అర టైల్ కన్నా పెద్దవి. ఒక టైల్‌లో ఒకటే వస్తుంది. కోయగా మిగిలిన 82, 181 మిల్లీమీటర్ల పీలికలు నేల మీద ఇంకెక్కడా సరిపోవు. కాబట్టి 9 ఇంటూ 6, 54 టైల్స్. ఒకే హాలు, మూడు జవాబులు: 50, 51, 54.

విస్తీర్ణం లెక్క తప్పేం కాదు. కానీ అది చెప్పేది ఇంతకన్నా తక్కువలో కుదరదు అని మాత్రమే, ఇంతలో సరిపోతుంది అని కాదు. టైల్స్‌ను కరిగించి పోసేట్టయితే 51 చాలు. ముక్కలు పేర్చాలి కాబట్టి చివరి వరుసలో మిగిలే భిన్నం అరకు లోపా, పైనా అన్నదే నిర్ణయిస్తుంది. అరకు లోపైతే టైల్‌కు రెండు ముక్కలు, మూడో వంతుకు లోపైతే మూడు. అర దాటిందంటే ముక్కకో టైల్. గది ఒక అంగుళం పెరిగి ఆ గీత దాటితే వరుస మొత్తానికి కోత టైల్స్ రెట్టింపవుతాయి.

షాపుల్లో చెప్పే 10 శాతం వేస్టేజ్ సూత్రం ఈ గొడవంతా తప్పించడానికే. హాలు 196⅞కి 10 శాతం కలిపి 15½తో భాగిస్తే 14 డబ్బాలు, 56 టైల్స్. 54 కావాలి కాబట్టి సరిపోయింది. 10 శాతం కలపకపోతే 13 డబ్బాలు, 52 టైల్స్, రెండు తక్కువ. పెద్ద గదుల్లో 10 శాతం బాగానే పనిచేస్తుంది. ఇరుకు చోట్ల దెబ్బతింటుంది. బెడ్‌రూమ్‌ల మధ్య ఉండే ప్యాసేజ్ చూడండి: 3 అడుగుల 3 అంగుళాల వెడల్పు, 9 అడుగుల 9 అంగుళాల పొడవు. 13/4 ఇంటూ 39/4, అంటే 31, పైన 11/16 చదరపు అడుగులు. టైల్స్‌లో 8.18. పది శాతం కలిపినా 9 దాటదు. వెడల్పున ఒక నిండు టైల్, ఒక 389 ముక్క, అదీ అర కన్నా పెద్దదే. పొడవున ఐదు వరుసలు. పది టైల్స్ లేనిదే పని కాదు. ఇక్కడ వేస్టేజ్ 22 శాతం. టైల్స్‌ను వంకీగా, అంటే మూలకు మూలగా పరిస్తే ఎంత పెద్ద గదికైనా 15 శాతం దాకా వేసుకోవాలి. నాలుగు గోడల వెంటా త్రికోణం ముక్కలే ఉంటాయి మరి.

స్కర్టింగ్: మూడో వంతు అడుగులో దాక్కున్న టైల్స్

అందరూ చివర్లో గుర్తు చేసుకునేది స్కర్టింగ్. హాలు చుట్టుకొలత 17½, 11¼ కలిపి రెట్టింపు చేస్తే 57½ అడుగులు. తలుపులు, దారులు 7½ అడుగులు తీసేద్దాం. 50 రన్నింగ్ ఫీట్, అంటే పొడవు మాత్రమే లెక్కేసే అడుగులు. స్కర్టింగ్ ఎత్తు 4 అంగుళాలు, అంటే మూడో వంతు అడుగు. 50 ఇంటూ ⅓, 16⅔ చదరపు అడుగులు. ఒక డబ్బా కన్నా ఎక్కువే.

విస్తీర్ణం సంగతి అలా ఉంచి పట్టీలు లెక్కపెట్టండి. 24 అంగుళాల టైల్‌లో 4 అంగుళాల పట్టీలు ఆరు రావాలి. టైల్ 23⅝ కదా, అందులో బ్లేడు తినేది కూడా ఉంది. అయిదే వస్తాయి, ఆరోది 3½ అంగుళాలు కూడా ఉండదు. మేస్త్రితో ముందే "3¾ పెట్టు" అని చెబితే ఆరు పట్టీలూ వచ్చేస్తాయి. గోడ మీద పావు అంగుళం తగ్గిందని ఇంటికొచ్చిన ఏ చుట్టమూ కనిపెట్టలేడు. 50 అడుగులకు 600 మిల్లీమీటర్ల పట్టీలు 26 కావాలి. 5 చొప్పున అయితే ఆరు టైల్స్, 6 చొప్పున అయితే ఐదు.

పైగా హాల్లో 181 మిల్లీమీటర్ల పీలికలు ఎనిమిది మిగిలాయి కదా, నేలకు పనికిరావన్నవి. ఒక్కోదాంట్లో ఒక పట్టీ వస్తుంది. 26లో ఎనిమిది పోతే 18, మూడు టైల్స్ చాలు. అలా నేలకు 54, స్కర్టింగ్‌కు 3, మొత్తం 57. ప్యాసేజ్‌లో మిగిలిన పీలికలైతే 211 మిల్లీమీటర్లుంటాయి, వాటిలో రెండేసి పట్టీలు వస్తాయి. మేస్త్రి మొదటి రోజే పీలికల్ని చెత్తలో పడేస్తే ఈ లెక్కంతా గాలికి పోతుంది. స్కర్టింగ్ అయ్యేదాకా ఏ ముక్కా బయటికి పోకూడదని ముందే చెప్పండి. పట్టీకి కంపెనీ అంచు ఉన్న వైపు పైకి పెట్టించండి, కోసిన అంచు నేల వైపు ఉంటుంది. టైల్ మధ్యలో నుంచి తీసిన పట్టీలకు రెండు వైపులా కోతే కాబట్టి పైఅంచు సాపు చేయించాలి, దానికి వేరే కూలి అడగొచ్చు.

భిన్నాన్ని పైకి ఎప్పుడు జరపాలన్నది మిగిలిన ప్రశ్న. టైల్ దగ్గర ఒకసారి, డబ్బా దగ్గర ఒకసారి. అంతకు మించి ఎక్కడా కాదు. హాలు 57 టైల్స్, అంటే 14¼ డబ్బాలు, 15 అనుకుంటాం. బెడ్‌రూమ్ నేలకు 33, స్కర్టింగ్‌కు 4, మొత్తం 37, అంటే 9¼ డబ్బాలు, 10 అనుకుంటాం. విడివిడిగా 25 డబ్బాలు. రెండు గదుల్లోనూ ఒకే టైల్ వేస్తున్నప్పుడు ముందు కలపండి: 94 టైల్స్, 23½ డబ్బాలు, 24 చాలు. గది గదికీ పైకి జరుపుకుంటూ పోతే ఇల్లంతా అయ్యేసరికి రెండు మూడు డబ్బాలు అదనంగా వస్తాయి. "పదిన్నర అంటే పదకొండు రాసుకోండి సార్" అని కౌంటర్‌లో కుర్రాడు కొలత దగ్గరే మొదలుపెడితే ఇంకా ఎక్కువ. అతనికి అది తేలిక, సరుకూ అమ్ముడుపోతుంది. మన చీటీలో మాత్రం భిన్నాలు చివరి దాకా భిన్నాలుగానే ఉండాలి.

అలాగని గీసి గీసి కొనమని కాదు. టైల్స్ డబ్బా మీద బ్యాచ్ నంబర్, షేడ్ ఉంటాయి. అదే డిజైన్, అదే కంపెనీ, నెల తర్వాత వెళ్తే వేరే బ్యాచ్ ఇస్తారు. షాపులో పక్కపక్కన పెడితే తేడా తెలియదు, హాల్లో సాయంత్రం ఎండ వాలుగా పడితే తెలుస్తుంది. రెండు టైల్స్ తక్కువైనందుకు ఊరంతా షాపులు తిరిగి ఆ బ్యాచ్ కోసం వెతికే బాధతో పోలిస్తే ఒక డబ్బా ఎక్కువ కొనడం నయం. 24 డబ్బాల్లో 94 పోగా రెండే మిగులుతాయి. కోతలో ఒకటి రెండు పగలడం మామూలే. నేనైతే ఇంకో డబ్బా వేసుకుంటాను. విప్పని డబ్బాలు వెనక్కి తీసుకుంటారా, ఎన్నాళ్లలోపు, డబ్బు తిరిగిస్తారా లేక వేరే సరుకు తీసుకోమంటారా అన్నవి కొనేముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. మిగిలిన టైల్స్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి దాచాలి. ఎప్పుడో ప్లంబర్ పైపు కోసం నేల పగలగొట్టినప్పుడు పనికొస్తాయి.

ఇక కూలి. టైల్ పనికి కూలి చదరపు అడుగు లెక్కన, స్కర్టింగ్‌కు రన్నింగ్ ఫీట్ లెక్కన ఉంటుంది. చదరపు అడుగు అంటే పరిచిన నేలా, వాడిన టైల్సా? మన హాల్లో నేల 196⅞. నేల మీదకు పోయిన 54 టైల్స్‌ను టూ బై టూ అని 4 లెక్కన వేస్తే 216. ఒక్క హాల్లోనే 19 చదరపు అడుగుల కూలి తేడా. పరిచిన నేలకే కూలి అని పని మొదలుకాకముందే అనుకోండి, కోత పని ఎక్కువున్న బాల్కనీ లాంటి చోట్లకు కావాలంటే వేరే రేటు మాట్లాడుకోండి. చివరి కొలత మేస్త్రి, మీరు కలిసి ఒకే టేపుతో తియ్యాలి. అడుగులు, అంగుళాలు వేరు వేరు గడుల్లో రాస్తే చుక్క పెట్టే అవసరమే రాదు.